సంక్రాంతి తర్వాత ఊడిన సిమెంట్లు, మేం మార్చుకున్న పద్ధతి

మా క్లినిక్‌కి వచ్చే అందరికీ నమస్కారం.

సంక్రాంతి అయిన రెండు వారాల్లో పదకొండు మంది పంటి సిమెంట్ ఊడిపోయి మళ్ళీ మా దగ్గరికి వచ్చారు. అందరికీ పెట్టింది నేనే. నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఓ పెద్దమ్మ ఆ ముక్కను కాగితంలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. "సకినం కొరికిన బిడ్డా, ఇది ఊడొచ్చింది" అంది. వెయ్యి రూపాయలు ఇచ్చి, ఒక రోజు కూలి పోగొట్టుకుని చేయించుకున్న పని అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు సకినాల మీదికి నెట్టడం తేలికే. కానీ పదకొండు మంది కార్డులూ ముందేసుకుని చూశాను. అన్నీ పంటి రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగులే. అందులో ఎనిమిదేమో, రెండు దవడ పళ్ళ మధ్య, చిగురు అంచు దాకా దిగిన పుచ్చులు.

కాంపోజిట్ అంటే రెసిన్‌లో సన్నని గాజు పొడి కలిపిన పేస్టు. ముందు పంటిని యాసిడ్ జెల్‌తో కాస్త గరుకు చేస్తాం. తర్వాత బాండింగ్ ద్రవం రాసి, పేస్టును దాదాపు 2 మిల్లీమీటర్ల పొరలుగా వేస్తూ ఒక్కో పొరనూ నీలం లైట్‌తో గట్టిపరుస్తాం. ఈ మధ్యలో ఉమ్మి గానీ, చిగురు నెత్తురు గానీ తగిలిందా, పట్టు పోయినట్టే. పైగా గట్టిపడేటప్పుడు అది కొద్దిగా కుంచించుకుపోతుంది. పట్టు సరిగా లేనిచోట వెంట్రుకవాసి సందు పడుతుంది, పుచ్చు మళ్ళీ అక్కడే మొదలవుతుంది. చిగురు అంచు దగ్గర తడి ఆపడం చాలా కష్టం. ఇదంతా నాకు తెలియక కాదు. మీరు తెల్లగా కావాలన్నారు, సాయంత్రం ఆరు దాటాక బయట కుర్చీలన్నీ నిండిపోయాయి, దూది పెట్టి కానిచ్చేశాను. ఆ తప్పు నాది. పదకొండు మందికీ డబ్బులు తీసుకోకుండా మళ్ళీ చేశాం.

ఇకనుంచి దవడ పంటికి కాంపోజిట్ పెట్టాలంటే రబ్బర్ డ్యామ్ బిగించే చేస్తాం. అంటే పంటిని మాత్రమే పైకి వదిలి, మిగతా నోటిని సన్నని రబ్బరు షీటుతో మూసేయడం. కాసేపు దవడ నొప్పిగా అనిపిస్తుంది, ఓర్చుకోండి. దీనికి టైం ఎక్కువ పడుతుంది కాబట్టి సాయంత్రం అపాయింట్‌మెంట్లు తగ్గించాం. రేటు 1,000 నుంచి 1,200 అయింది.

డ్యామ్ నిలవని చోట మాత్రం కాంపోజిట్ పెట్టను, మీరు అడిగినా సరే. అలాంటి చోట ఎక్కువగా వాడేది జీఐసీ, అంటే గ్లాస్ అయానమర్ సిమెంట్. చవకది కదా అని చాలామంది దాన్ని చిన్నచూపు చూస్తారు. నాకు మాత్రం దానిమీద గౌరవం. 1972లో ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు విల్సన్, కెంట్ దీన్ని లోకానికి పరిచయం చేశారు. ఇది పంటిలోని కాల్షియంతో తనంతట తానే అతుక్కుంటుంది, కాస్తంత తడిని ఓర్చుకుంటుంది, ఫ్లోరైడ్‌ను కొద్దికొద్దిగా వదులుతూ ఉంటుంది. పిల్లల పాలపళ్ళకు, బొగ్గుపొడితోనో గట్టి బ్రష్‌తోనో రుద్ది రుద్ది చిగురు దగ్గర అరగదీసుకున్న పళ్ళకు నా ఓటు దీనికే. లోపమూ చెప్పాలి. నమిలే బరువు గట్టిగా పడేచోట త్వరగా అరుగుతుంది, విరుగుతుంది. రంగు కూడా కాంపోజిట్ అంత కలవదు. పెట్టిన రోజంతా ఆ వైపు గట్టివి నమలకండి.

వెండి సిమెంట్, అంటే అమాల్గమ్, కొనడం మానేశాం. మొండి సిమెంట్ అది, తడి నోట్లో కూడా ఏళ్ళకేళ్ళు నిలిచేది, అందుకే ఇన్నాళ్ళు వదల్లేకపోయాను. కానీ దాని బరువులో దాదాపు సగం పాదరసమే. పాదరసం కలిసిన చేపలు తిని జపాన్‌లోని మినమాటా జనం నరకం చూశారు. పాదరసం వాడకం తగ్గించడానికి ఆ ఊరి పేరుతో వచ్చిన అంతర్జాతీయ ఒప్పందంలో 2018లో మన దేశం కూడా చేరింది. 15 ఏళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అమాల్గమ్ పెట్టొద్దని 2022లో ఆ ఒప్పంద దేశాలు నిర్ణయించాయి. మనది చెరువుల ఊరు. మా సింకులో నీళ్ళు చివరికి ఎటు పోతాయో ఆలోచిస్తే నాకు ఇక మనసొప్పలేదు.

అలాగని ఇప్పటికే వెండి సిమెంట్ ఉన్నవాళ్ళు టెన్షన్ పడి తీయించుకోవద్దు. అంచులు బాగుండి, కింద పుచ్చు లేకపోతే దాన్ని కదపకపోవడమే మంచిది. తీసేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువ వస్తుంది, మంచి పన్ను కూడా కొంత పోతుంది. తెల్లగా కనబడాలన్న ఒక్క కోరికతో తీయమంటే నేను తీయను.

ఇంకోటి. కుర్చీలో కూర్చోగానే మీ పంటి ఫోటో తీసి చూపిస్తాం. ఏ సిమెంట్, ఎందుకు, ఎంత అవుతుందో చెప్పాకే పని మొదలుపెడతాం. తొందరలో నేను చెప్పడం మరిచిపోతే మీరే ఆపి అడగండి.

పోయిన దసరా నుంచి సంక్రాంతి దాకా మా దగ్గర రెండు దవడ పళ్ళ మధ్య తెల్ల సిమెంట్ పెట్టించుకున్నవాళ్ళు ఒకసారి చూసుకోండి. అక్కడ మాటిమాటికీ మెతుకులు ఇరుక్కుంటున్నా, చల్లనీళ్ళకు జివ్వుమంటున్నా, నాలుకకు అంచు గరుకుగా తగులుతున్నా నొప్పి వచ్చేదాకా ఆగకండి. వచ్చే నెలంతా శనివారం ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు ఈ చెకింగ్‌కే కేటాయించాం. డబ్బులేమీ తీసుకోం. కార్డు పోయినా ఫర్వాలేదు, ఫోన్ నంబరు చెబితే కౌంటర్‌లో తీసిస్తారు.