ప్రొటీన్ పట్టులో రైతుకు చోటెక్కడ?

సంపాదకునికి నమస్కారం.

హిందూపురం దగ్గర 22 ఏళ్లుగా మల్బరీ వేసి పట్టుపురుగులు మేపుతున్నాను. పురుగు జన్యువులను మార్చి, దారంలోనే మందులకు పనికొచ్చే ప్రొటీన్లు కలిసి వచ్చేలా చేస్తున్నారని చదివినప్పటి నుంచి ఒకటే ఆలోచన: ఆ గూళ్లు పండించేది ఎవరు?

జపాన్‌లో 2000లో పట్టుపురుగులోకి బయటి జన్యువును చొప్పించి, తరతరాలకూ నిలిచేలా చేశారు. 2003లో మనిషి చర్మంలో ఉండే కొలాజెన్ అనే ప్రొటీన్‌లోని కొంత భాగాన్ని గూటిలోకి రప్పించారు. 2017లో గున్మా ప్రాంత రైతులు ఆకుపచ్చగా మెరిసే పట్టునిచ్చే పురుగులను స్వయంగా మేపారు.

మన శాస్త్రవేత్తలూ తక్కువ తినలేదు. హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో శాస్త్రవేత్త జె. నాగరాజు బృందం హిందూపురం పట్టు పరిశోధన సంస్థతో కలిసి పట్టుపురుగులను చంపే గ్రాసరీ జబ్బు వైరస్‌ను తట్టుకునే పురుగును రూపొందించింది. 2013లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. గ్రాసరీ బాధ మేపినవారికే తెలుసు. నాలుగో జ్వరం (పురుగు చర్మం విడిచే దశ) దాటి, ఇక గూళ్లు అల్లుకునే చంద్రికల మీదికి ఎక్కించడమే అనుకున్న వేళ పురుగులు ఉబ్బి, చర్మం చిట్లి, పాలలాంటి ద్రవం కారుస్తాయి. రెండేళ్ల క్రితం 150 గుడ్ల (ఒక్కో చిలుక పెట్టే గుడ్లన్నీ కలిపి మాకు ఒక గుడ్డు లెక్క) పంటను నా చేతులతోనే గుంతలో పూడ్చాను. ఆ కొత్త పురుగు మా షెడ్డు దాకా రానే లేదు.

జాగ్రత్తలు వద్దనను. పట్టుచిలుక ఎగరలేదు, మనం ఆకు వేయకపోతే పురుగు బతకదు. తప్పించుకుపోతుందన్న భయం తక్కువే. నా భయం గూటి లోపల మిగిలే పురుగుల, అంటే ప్యూపాల గురించి. దారం తీశాక అవి చేపల మేతకు, కోళ్ల దాణాకు పోతాయి. జన్యువు మార్చిన వాటిని ఎక్కడికి పంపాలో, ఆ లెక్క ఎవరు చూడాలో ముందే తేల్చాలి. మరో చిక్కు వేడి. మన గూళ్లను ఆవిరి పట్టి, మరిగే నీళ్లలో ఉడికించి దారం తీస్తారు. ఆ వేడికి చాలా ప్రొటీన్ల గుణం పోతుంది. తక్కువ వేడిలో ఆరబెట్టి దారం తీసే ఏర్పాటు వేరుగా ఉండాలి. మార్కెట్లో మిగతా గూళ్లతో కలిపి వేలం వేసే సరుకు కాదిది.

కేంద్ర పట్టు మండలి, రాష్ట్ర పట్టు పరిశ్రమ శాఖ కలిసి జన్యుమార్పిడి జీవులకు అనుమతులిచ్చే కేంద్ర కమిటీ జీఈఏసీ అనుమతితో, పరిశోధన సంస్థ పర్యవేక్షణలో కొద్దిమంది రైతుల షెడ్లలోనే ప్రయోగం మొదలుపెట్టాలి. గుడ్ల ధర, గూళ్ల ధర, పంట పోతే పరిహారం ముందే రాసివ్వాలి. మందుల కంపెనీలు తమ గదుల్లోనే మేపడం మొదలుపెట్టాక మమ్మల్ని పిలిచేవారుండరు. నా షెడ్డు ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

— ఒక పట్టు రైతు, హిందూపురం మండలం