ఈ రోజు సంగతి కాదు, మర్నాటి సంగతి అడగండి

సంపాదకులకు నమస్కారం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అత్యవసర పరిస్థితిని ఎత్తివేసినప్పుడు, ముగిసింది అత్యవసర పరిస్థితే గాని వ్యాధి కాదని స్పష్టంగానే చెప్పింది. ఆ రెండో మాట ఎవరి చెవికీ ఎక్కినట్టు లేదు. నెలలు, ఏళ్లు గడిచినా కోలుకోనివారి బతుకులు ఎలా సాగుతున్నాయో అడిగేవారు కరువయ్యారు. 2021లో వైరస్ సోకిన నాటి నుంచి వారిలో నేనూ ఒకడిని. ఈ ఉత్తరం రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

వైరస్ సోకిన 3 నెలల తర్వాత కూడా లక్షణాలు ఉండి, కనీసం 2 నెలలు కొనసాగి, వాటికి మరో జబ్బేదీ కారణమని తేలకపోతే దాన్ని లాంగ్ కోవిడ్‌గా గుర్తించాలని ఆ సంస్థ 2021 అక్టోబరులోనే నిర్వచించింది. ఆసుపత్రి గడప తొక్కకుండా ఇంట్లోనే జ్వరం తగ్గించుకున్నవారికి కూడా ఇది రావచ్చు. నిర్ధారించడానికి ప్రత్యేకమైన పరీక్ష అంటూ ఏదీ లేదు. రక్తపరీక్ష, ఎక్స్‌రే, ఈసీజీ చాలాసార్లు నార్మల్‌గానే వస్తాయి. ఆ నార్మల్ రిపోర్టు చేతికి వచ్చాక ఇంట్లోవాళ్లు కూడా మనల్ని అనుమానంగా చూడడం మొదలుపెడతారు.

జీవన నాణ్యతను కొలవడానికి ప్రశ్నపత్రాలు లేకపోలేదు. ఎక్కువగా వాడే ఈక్యూ-5డి అనే పత్రం నడక, సొంత పనులు, రోజువారీ వ్యవహారాలు, నొప్పి, ఆందోళన-కుంగుబాటు అనే ఐదు విషయాలు అడిగి, చివర 0 నుంచి 100 వరకు ఆరోగ్యానికి మనచేతే మార్కు వేయిస్తుంది. చక్కటి పత్రమే. చిక్కల్లా అది 'ఈ రోజు' గురించి అడగడంలో ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లాలని రెండు రోజులు మంచం దిగకుండా శక్తి కూడబెట్టుకున్న నేను, ఆ ఉదయం 70 మార్కులు వేసుకుని వచ్చాను. మర్నాడు సాయంత్రానికి తల దువ్వుకోవడానికి చెయ్యి లేవలేదు, పిల్లవాడు అడిగిన చిన్న కూడిక కూడా బుర్రకెక్కలేదు, ఆ స్థితి ఐదు రోజులు సాగింది. ఆ ఐదు రోజులూ ఏ కాగితం మీదా లేవు. శ్రమకైనా, ఆలోచనకైనా శరీరం ఇలా 12 నుంచి 48 గంటలు ఆలస్యంగా మూల్యం చెల్లించుకోవడం ఈ రోగంలో చాలామందికి అనుభవమే.

నడక రోజుకింత పెంచుకుంటూ పొమ్మనే సలహా కూడా ఈ మర్నాటిని చూడకపోవడం వల్ల వచ్చినదే. లాంగ్ కోవిడ్‌ను చాలావరకు పోలిన, దశాబ్దాలుగా నిర్లక్ష్యానికి గురైన మయాల్జిక్ ఎన్సెఫలోమైలైటిస్ (దీర్ఘకాలిక అలసట జబ్బు) రోగులకు అలా క్రమంగా వ్యాయామం పెంచే చికిత్స ఇవ్వవద్దని బ్రిటన్‌లో వైద్యులకు చికిత్స మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021 అక్టోబరులో తన మార్గదర్శకాలను మార్చింది. లాంగ్ కోవిడ్ ఉన్నవారందరికీ శ్రమ ఇలా బెడిసికొట్టదు, వ్యాయామంతో మేలు పొందేవారూ ఉన్నారు. ఎవరు ఏ కోవకు చెందినవారో తేల్చుకోకుండా అందరికీ ఒకే చీటీ రాయడమే తప్పు.

కార్యాలయాలదీ ఇదే పొరపాటు. సెలవు పొడిగింపు కోరినప్పుడు నన్ను చూసిన అధికారి, 'నడిచే వచ్చారుగా' అన్నారు. ఆయనను తప్పుపట్టలేను, ఆయనకు కనబడింది అంతే. అయితే పార్శ్వపు తలనొప్పికి కూడా రుజువు చూపే స్కానింగ్ లేదు, రోగి మాట మీదే వైద్యం సాగుతోంది. ఈ సౌలభ్యాన్ని కొందరు దుర్వినియోగం చేస్తారన్న భయంతో నిజమైన రోగులను ఉద్యోగం మానుకునే దాకా నెట్టడం ఏ లెక్కన లాభమో అర్థం కాదు.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. రోగి రెండు వారాల పాటు ఏ రోజు ఏ పని చేశాడో, మర్నాడు ఎలా ఉన్నాడో రాసుకున్న పట్టికను వైద్యులు అడిగి చూడాలి. సెలవును, పని గంటలను నిర్ణయించేవారు దాన్ని రిపోర్టులతో పాటు ఆధారంగా స్వీకరించాలి. రోజంతా పని, లేదంటే పూర్తి సెలవు అనే రెండే దారులు కాకుండా, నడుమ విశ్రాంతితో సగం రోజు పనిచేసే మూడో దారి కూడా తెరిస్తే, నాలాంటివారు కొందరైనా జీతానికీ పనికీ దూరం కాకుండా ఉండగలుగుతారు.

ఇట్లు,
మీ పాఠకుడు