మురుగుకోడులో నీరు, చేప, నీటికుక్క: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గోదావరి పాయ అయిన వైనతేయలోకి దిగే మన మురుగుకోడుకు రెండు పనులున్నాయి. వానాకాలంలో చేలల్లో నిలిచిన నీటిని పాటు వేళ (పోటు తగ్గినప్పుడు) బయటికి లాగాలి. ఏడాది పొడుగునా చేపకీ, నత్తకీ, కొంగకీ, నీటికుక్కకీ తావు ఇవ్వాలి. బాగుచేసే తీరు తెలిస్తే ఈ రెంటికీ పేచీ లేదు. మురుగు పోక చేలు మునుగుతాయన్న రైతుల భయం ఉత్తది కాదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో అదీ ఒకటి. కాబట్టి కోడుకు అడ్డుపడే గుర్రపుడెక్క తియ్యొద్దని సంఘం ఎప్పుడూ అనదు. ఎలా తీయాలన్నదే మన మాట.

నీటి పరీక్ష

నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను తెల్లవారకముందే కొలవాలి. పగలు ఎండకు నాచు, నీటిమొక్కలు ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి చేపలతో పాటు అవీ దాన్నే వాడుకుంటాయి. అందుకే సూర్యోదయానికి ముందు అది బాగా పడిపోతుంది. పది గంటలకు తీరిగ్గా నీళ్లు పట్టి బాగానే ఉందని రాసుకున్న లెక్క దేనికీ పనికిరాదు.

పద్ధతి ఇది. 300 మిల్లీలీటర్ల సీసాను నీటిలోపలే నింపి, బుడగ లేకుండా అక్కడే మూత పెట్టాలి. ఒక్క బుడగ మిగిలినా అంకె ఎక్కువ చూపిస్తుంది. గట్టు మీదికి రాగానే మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ చెరో రెండు మిల్లీలీటర్లు అడుగుకు దిగేలా పోసి, మూతపెట్టి తిరగతిప్పాలి. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు. తెల్లగా సున్నంలా దిగితే లేనట్టే, మిగతా పరీక్ష చేయకపోయినా ఫరవాలేదు. గోధుమరంగైతే యాసిడ్ పోసి కరిగించి, థయోసల్ఫేట్ చుక్కలతో లేత పసుపుకు తెచ్చి, గంజి ద్రావణం కలిపితే నీలమవుతుంది. ఆ నీలం పోయేవరకు పట్టిన చుక్కలను బట్టి లెక్క వస్తుంది. యాసిడ్ పోసేవాళ్లకు చేతితొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

30 డిగ్రీల మంచినీటిలో పట్టే ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములే. 5 ఉంటే చేపకు సుఖం. 3 కన్నా తగ్గితే పరిగెలు, జెల్లలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. కొరమీను, గొరక, మార్పు, ఇంగిలాయి వంటి చేపలు పైగాలి పీల్చి బతుకుతాయి. కొరమీను దొరుకుతోంది కదా, నీళ్లకేం అనడం అందుకే సరికాదు. పులస పేరెత్తితే ఊరంతా నోరూరించుకుంటుంది గానీ పరిగె ఏమైందని అడిగేవాళ్లు లేరు. కోడు ఆరోగ్యం తెలిసేది మాత్రం పరిగెతోనే.

గుర్రపుడెక్క

వేడి వాతావరణంలో డెక్క రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు. కోడునంతా కప్పేస్తే కింద వెలుతురు పడదు, గాలి తగలదు. అలాగని కలుపుమందు కొట్టడం అంతకన్నా చేటు. చచ్చిన డెక్క ఒక్కసారిగా అడుక్కి దిగి కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్‌ను కాస్తా తాగేస్తుంది. మందు కొట్టిన కొన్నాళ్లకు చేపలు తేలడానికి చాలాసార్లు కారణం ఈ కుళ్లే.

ఈ ఏడు మనం పాటించిన వరస: ముందు దిగువ కల్వర్టు దగ్గర వెదురు తడిక అడ్డం కట్టాలి. తర్వాత ఎగువ నుంచి తెంపుకుంటూ రావాలి. తెగిన పిలకలు తడిక దగ్గర ఆగుతాయి, అక్కడ ఎత్తిపోయాలి. తడిక రోజూ ఖాళీ చేయకపోతే నీరు ఎగదన్ని చేలల్లోకి పోతుంది. ఒకసారికి ఒక పక్క గట్టే శుభ్రం చేసి, రెండో పక్క పలచటి వరస వదలాలి. తీసిన డెక్కను ఒక రాత్రి నీటి అంచునే ఉంచితే వేళ్లలోని నత్తలు, పీతపిల్లలు కొన్నయినా తిరిగి నీటిలోకి జారుకుంటాయి. మర్నాడు గట్టు అవతలికి మోయాల్సిందే, లేకపోతే మొదటి వానకే మళ్లీ కోడులోకి వస్తుంది. పూత రాకముందే తీయడం ముఖ్యం. విత్తనం బురదలో ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తితో ఉంటుంది.

నత్త పోతే నత్తగుల్ల కొంగకు తిండి పోయినట్టే. గట్టు పొలాల్లో వాడిన పురుగుమందు డబ్బాలు కోడులో కడగొద్దని మళ్లీ మళ్లీ చెబుతున్నది అందుకే.

గట్లు, తలుపు

పొక్లెయిన్ దిగితే గట్టును చీపురుతో ఊడ్చినట్టు చేసి పోతుంది. లకుముకి పిట్టలు నిట్టనిలువు మట్టిగట్టులో బొరియ తొలిచి గూడు పెడతాయి. బొరియ కింద తాజా మట్టి, తెల్లటి రెట్ట ఉంటే లోపల కాపురం ఉన్నట్టే. అలాంటి చోట్ల వెదురు కర్రకు ఎర్రగుడ్డ కట్టి, డ్రైవరుకు ముందే చూపించాం. మిగతా గట్టును వాలుగా చెక్కి, అంచున మొగలి, తుంగ, ఉప్పు తగిలేచోట గంగరావి నాటాం. నిలువుగా కోసి వదిలేసిన మెత్తటి గట్టు తొలి వరదకే జారిపోతుంది.

రాక్షసి చేప (సక్కర్‌మౌత్ క్యాట్‌ఫిష్) గట్టుకు మరో శత్రువు. అక్వేరియంలోంచి వచ్చిన ఈ జాతి గట్టులో కన్నాలు తవ్వి గుడ్లు పెడుతుంది. వలలో పడితే తిరిగి వదలొద్దు. గట్టున పడేసినా గంటల తరబడి బతుకుతుంది, చంపి పూడ్చాలి.

కోడు నదిలో కలిసేచోట పోటుకు తనంతట తానే మూసుకునే తలుపు అంచున రబ్బరు చిరిగినా, కొబ్బరి మట్ట ఇరుక్కున్నా ఉప్పునీరు ఎగువకు ఎక్కుతుంది. వేసవిలో ధవళేశ్వరం దిగువకు నీరు తగ్గినప్పుడు ఈ బెడద ఎక్కువ. అమావాస్య, పౌర్ణమి పోట్లకు ముందు తలుపు చూడాలి. రొయ్యల చెరువుకు ఉప్పునీటి కోసం తలుపు కింద రాయి పెట్టిన సంగతి సభ్యులకు తెలిసిందే. సంబంధిత చెరువు వారితో మాట్లాడాం, రాయి తీయించాం.

నీటికుక్క, బావురుపిల్లి

కోరింగ మడ అడవుల్లోనే కాదు, ఊరి మురుగుకోడుల వెంబడి కూడా ఇవి తిరుగుతాయి. రెండూ 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జీవాలు. గుర్తులు చూసేవారికి: నీటికుక్క అడుగులో ఐదు వేళ్లు, బావురుపిల్లికి నాలుగు. బురద మెత్తగా ఉంటే పిల్లి గోళ్లు కూడా పడొచ్చు, గోరు చూసి ఊరకుక్క అనేయొద్దు. నీటికుక్క రెట్టలో చేప పొలుసులు, పీత చిప్పలు ఉంటాయి, నీచు వాసన గట్టిగా కొడుతుంది. ఇవి చేపల చెరువులో పడకుండా గట్టుకు కరెంటు తీగ కట్టడం నేరం, మనుషులకూ చావే. దానికి బదులు నాలుగు అడుగుల మెష్ కట్టి, అడుగు లోతు పూడ్చితే తవ్వి రావడం కష్టమవుతుంది.

వచ్చే ఏడు

జమాఖర్చుల పట్టిక విడిగా ఇచ్చాం, సమావేశంలో అడగవచ్చు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చేపలన్నీ మిగిలిన మడుగుల్లో చేరతాయి. అప్పుడే బ్లీచింగు పోసి, బ్యాటరీ కరెంటు పెట్టి చేపలు పట్టడం ఎక్కువ. ఆ వారాల్లో రాత్రి కాపలాకు వంతులు వేయాలి, పేర్లు ఇవ్వండి. పరీక్ష పెట్టెలో గంజి ద్రావణం పాడైతే నీలం రంగు రాదు, దాన్ని ప్రతిసారీ కొత్తగా కాచుకోవాలి. పెట్టె తాళంచెవి కార్యదర్శి దగ్గర ఉంది, తీసుకెళ్లేవారు పుస్తకంలో సంతకం పెట్టాలి.