నల్లమట్టిలోని పనివాళ్లు

బర్మింగ్‌హామ్

నాన్నగారికి నమస్కారములు.

నేనిక్కడ క్షేమం. మీరూ, అమ్మా, నాయనమ్మా క్షేమమని తలుస్తాను.

నేను సూక్ష్మజీవుల మధ్య పని చేస్తున్నానని తెలిసినప్పటి నుంచి అమ్మకు కంటి మీద కునుకు లేదని తమ్ముడు చెప్పాడు. ఆమెకు మీరే నచ్చజెప్పాలి. కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ అనే పరికరానికి కావలసిన లోహపు పొడిని చేయించడానికి మేమిక్కడ రెండు రకాల బ్యాక్టీరియాను పెంచుతున్నాం. వాటిలో మొదటిదైన ఈ.కోలై, ప్రయోగశాలల్లో దశాబ్దాలుగా సాకుతున్న కె-12 రకం. అది జబ్బు చేసేది కాదు.

రెండో రకం సంగతి మీకే బాగా తెలుసు. పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి, అడుగున పేరుకున్న నల్లమట్టిని పారతో తిరగేస్తే కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది కదా, ఆ కంపు పుట్టించే కోవకు చెందినదే డీసల్ఫోవిబ్రియో. ఆక్సిజన్ అందని చోట అది సల్ఫేటుతో బతుకుతూ హైడ్రోజన్ సల్ఫైడును వదులుతుంది. మీరు చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పి తరిమే ఆ జీవులనే నేనిక్కడ ఏరికోరి పెంచుతున్నాను, నవ్వకండి.

పల్లాడియం అనే ఖరీదైన లోహపు లవణం కలిపిన లేత పసుపు రంగు ద్రావణంలో వాటిని కలిపి హైడ్రోజన్ పంపితే, వాటిలోని హైడ్రోజనేజ్ అనే ఎంజైము ఆ వాయువు నుంచి ఎలక్ట్రాన్లు తీసి లోహానికి అందిస్తుంది. పసుపు విరిగిపోయి సీసా అంతా కాటుకలా నల్లబడుతుంది. ఆ నలుపు, కణాల పొరలను పట్టుకుని ఉన్న కొద్ది నానోమీటర్ల లోహపు రేణువులదే. రేణువు ఎంత చిన్నదైతే ఖరీదైన లోహం అంత తక్కువగా లోపల వృథా అవుతుంది. పాత కార్ల పొగగొట్టాల్లో పొగను శుభ్రం చేసే కన్వర్టర్ల నుంచి కరిగించి తీసిన లోహాన్ని కూడా ఇవి పట్టగలవు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఈ పొడిని ఫ్యూయల్ సెల్ పలకకు పూస్తే, హైడ్రోజనూ గాలిలోని ఆక్సిజనూ కలిసి నీరయ్యే క్రమంలో కరెంటు పుడుతుంది. అయితే చచ్చిన కణాలు కరెంటును సరిగా పారనివ్వవు, వాటి ప్రోటీన్లలోని గంధకం లోహాన్ని పట్టి చెడగొడుతుంది. అందుకే ముందుగా వాటిని కాల్చి బొగ్గు చేయవలసి వస్తోంది. అంత చేసినా బజారులో దొరికే ప్లాటినం పొడికి మాది ఇంకా సాటి రాలేదు. ఇన్నేళ్ల చదువుకు ఫలితం ఇదేనా అని బాబాయి అడిగితే, వరి కూడా నాటిన రోజే కోతకు రాదని చెప్పండి.

దీనితో మన ఏరియేటర్లు ఎప్పుడు తిరుగుతాయని అడిగారు. హైడ్రోజన్ ధర, దాన్ని నిల్వ చేసే కష్టం తీరేదాకా ఆ మాట నేను చెప్పలేను. డీజిలు జనరేటరును మాత్రం అమ్మకండి. వేసవి రాకముందే సర్వీసు చేయించండి.

మీ కుమార్తె