పసికందు కక్కింది ఏ పచ్చ?

సంపాదకులు గారికి,

‘బిడ్డ పచ్చగా కక్కింది’ అని ఇంట్లోవాళ్లు ఫోన్ చేస్తారు. మన భాషలో పచ్చ అంటే పసుపూ అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది. విన్నవాళ్లు ముర్రుపాల రంగు అనుకుని ‘పర్లేదు, భుజాన వేసుకుని తేన్పించండి’ అంటారు. అది ఆకు నలిపితే వచ్చే పసరు రంగైతే ఆ సలహా బిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది.

ఆ పసరు కాలేయంలో తయారయ్యే పైత్యరసం. అది కలిసేది కడుపు దాటాక, చిన్నపేగు మొదట్లో. అది నోటికొచ్చిందంటే కింద దారి మూసుకుందేమోనని ముందు అనుమానించాలి. అన్నిటికన్నా భయపడాల్సింది పేగు మెలిక. గర్భంలో తిరిగి కుదురుకోవాల్సిన పేగు సన్నటి కాడ మీద వేలాడుతూ, ఏదో ఒక క్షణాన మెలిపడుతుంది. రక్తనాళాలు నొక్కుకుపోయి కొన్ని గంటల్లోనే చిన్నపేగంతా నల్లబడుతుంది. వేళకు పొట్ట తెరిస్తే మెలిక విప్పి బిడ్డను దక్కించుకోవచ్చు. ఆలస్యమైతే కుళ్లిన పేగు తీసేయాలి. మిగిలిన ముక్క పాలను ఒంటికి పట్టించలేదు.

దీన్ని పోల్చుకోలేకపోవడానికి కారణముంది. అడ్డు పైన ఉంటుంది కాబట్టి మొదట్లో పొట్ట ఉబ్బదు, మెత్తగానే ఉంటుంది. పుట్టాక మొదట అయ్యే నల్ల విరేచనం కూడా అయ్యే ఉంటుంది. మామూలు ఎక్స్‌రే ఒక్కోసారి బాగానే కనిపిస్తుంది. అందుకే పసరు ఒక్కసారి కక్కినా పిల్లల సర్జన్ ఉన్నచోటికే పంపాలి. వస, ఆముదం, గ్రైప్ వాటర్ అంటూ ఒక పూట చూద్దామనుకోవద్దు. పసుపు వాంతి అయినా పదేపదే అవుతుంటే డాక్టరుకు చూపించాల్సిందే.

చిన్న ఆస్పత్రులు బిడ్డను పెద్దాస్పత్రికి పంపే తీరులోనూ ప్రాణాలు పోతున్నాయి. పాలు పూర్తిగా ఆపాలి. ఎనిమిదో నంబరు గొట్టం నోటి ద్వారా కడుపులోకి వేసి, దాని కొస తెరిచే ఉంచాలి. మూత బిగిస్తే గొట్టం వేసీ లాభం లేదు. పావుగంటకో అరగంటకో సిరంజితో లాగుతుండాలి. ఏడుస్తోందని అంబులెన్సులో చుక్క పాలు పోస్తే, ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పది శాతం గ్లూకోజు సెలైన్ ఎక్కించాలి. విటమిన్ కె ఇవ్వకపోయి ఉంటే ఒక మిల్లీగ్రాము ఇవ్వాలి. ఇచ్చినవన్నీ టైముతో సహా చీటీలో రాయాలి. ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. తల్లి సిజేరియన్ మంచం మీదుంటే తండ్రి గుండెలకు హత్తుకున్నా సరిపోతుంది, తలకు టోపీ మరవొద్దు. తల్లి రాలేకపోతే ఆమె రక్త నమూనా వెంట పంపాలి. బయల్దేరే ముందే అవతలి ఆస్పత్రికి ఫోన్ చేస్తే ఆపరేషన్ థియేటరు సిద్ధమవుతుంది.

రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలకూ మా విన్నపం ఒక్కటే: తల్లీబిడ్డల రక్షణ కార్డు మీద రెండు రంగుల గడులు అచ్చువేయండి. పసుపు గడి పక్కన ‘డాక్టరుకు చూపించండి’, ఆకుపచ్చ గడి పక్కన ‘పాలు ఆపండి, 108కి ఫోన్ చేయండి’. ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి ఎలాగూ వెళ్తారు. ‘వాంతులున్నాయా’ అని కాక, గడులు చూపించి ‘ఈ రంగా, ఆ రంగా’ అని అడగమనండి. ఏడాదిలోపు జబ్బుపడ్డ బిడ్డకు సర్కారు ఆస్పత్రిలో వైద్యం, రవాణా ఉచితమని కూడా అక్కడే రాయండి. చాలామంది ఆగేది డబ్బుకు భయపడే.

ఈలోగా తల్లులకు ఒక మాట. పసరంటిన గుడ్డను ఉతికేయకండి. బిడ్డతోపాటే ఆస్పత్రికి తీసుకురండి.

ఇట్లు,
పిల్లల సర్జరీ విభాగంలో పనిచేసే వైద్యులం, నర్సులం