బండికేం కాలేదమ్మా

అమ్మకి, నాన్నకి నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. మంచు ఇంకా తగ్గలేదు. ఆఫీసు పని మామూలే, దాని గురించి రాసేదేం లేదు.

మొన్న కోడలు ఫోన్లో మాటవరసకి "హైవే మీద బండి లాగలేదట అత్తయ్యా" అన్న దగ్గర్నుంచీ నువ్వు అన్నం సరిగ్గా తినట్లేదని నాన్న చెప్పారు. ఆ బండి అమ్మేయమని కబురు పంపావు. వినాయకుడి గుళ్ళో కొబ్బరికాయ కొట్టించావు. కొట్టించడం మంచిదే, నేను కాదనను. కానీ బండిలో లోపమేం లేదమ్మా. ఫోన్లో చెబుతుంటే మధ్యలోనే నీ గొంతు పూడుకుపోతుంది, నాకూ మాట రాదు. అందుకే రాస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదువు.

ఈ ఒహాయోలో చలికాలం సైట్లకి వెళ్ళాలంటే నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి. అందుకే పికప్ తీసుకున్నాను, సెకండ్ హ్యాండ్‌లో. ఫోటో చూసి లారీ ఎందుకురా అన్నావు. ఇక్కడ సంసారులు కూడా ఇవే నడుపుతారు.

ఆ రోజు ఏం జరిగిందంటే, ర్యాంపు మీంచి హైవేలో కలవాలి. వెనక నుంచి లారీలు గంటకి నూరు కిలోమీటర్ల పైన వస్తుంటాయి, మనమూ ఆ స్పీడు అందుకుని వాటి మధ్యలోకి వెళ్ళాలి. యాక్సిలరేటర్ ఎంత అదిమినా ఇంజను మూలిగింది గానీ గేరు దిగలేదు, స్పీడు రాలేదు. వెనకాయన చూసి దారిచ్చాడు. క్షేమంగా ఇంటికొచ్చాను. అంతే జరిగింది.

మెకానిక్ దగ్గరికి తీసుకెళితే ఫ్యూయల్ పంపు మార్చాలన్నాడు, ఇంజనుకి గాలి వెళ్ళే థ్రాటిల్ బాడీ క్లీన్ చేయాలన్నాడు. చాలా డబ్బు చెప్పాడు. నాకు మనసొప్పలేదు. బండి ఒక్క సెల్ఫుకే స్టార్టవుతోంది, ఊళ్ళో తిరిగేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు, వార్నింగ్ లైటు వెలగలేదు. ఆదివారం సీటు వెనక్కి జరిపి, ఫోను టార్చి వేసి కింద చూశాను. ముందు వాడిన ఆయన కంపెనీ మ్యాట్ తీయకుండానే దాని మీద ఇంకో మందపాటి రబ్బరు మ్యాట్ వేశాడు. ఇక్కడ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీళ్ళు బూట్లతో లోపలికి వస్తాయి కాబట్టి ఈ మ్యాట్లకి పళ్ళెంలా చుట్టూ ఎత్తుగా అంచు ఉంటుంది. ఆ అంచు ముందుకు జరిగి సరిగ్గా పెడల్ కిందికి చేరింది. పెడల్ తగిలి తగిలి అక్కడ రబ్బరు మీది గీతలు అరిగిపోయి నున్నగా మెరుస్తున్నాయి.

రెండు మ్యాట్లూ తీసి బయట పడేసి మళ్ళీ తొక్కితే పెడల్ ఇంకో బొటనవేలి మందం కిందికి దిగింది! ఇప్పటి బళ్ళకి యాక్సిలరేటర్ కేబుల్ ఉండదు. పెడల్ దగ్గర సెన్సర్ ఉంటుంది, ఎంత తొక్కామో అదే ఇంజనుకి చెబుతుంది. పెడల్ సగంలో ఆగిపోతే నాకు అంతే చాలనుకుంటుంది బండి. ఆటోమేటిక్ గేరు కూడా పెడల్ బాగా కిందికి దిగితేనే కింది గేరుకి మారి లాగుతుంది. పెడల్ ఎంత తొక్కామో అంకెల్లో చూపించే స్కానర్ స్నేహితుడి దగ్గర ఉంటే, అది పెట్టి మ్యాట్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి చూశాను. తీశాక పెడల్ అంకె బాగా పైకి వెళ్ళింది. ఆ తర్వాత అదే ర్యాంపు మీద చక్కగా లాగింది. ఇప్పుడు ఒకటే మ్యాట్ ఉంది, ఈ బండి కొలతకి చేసిందే, నేలలో ఉన్న కొక్కేలకి తగిలించి ఉంది. కోడలు కూడా చూసింది, కావాలంటే అడుగు. ఇక నువ్వు భయపడటానికి ఏం మిగల్లేదమ్మా.

మోకాలు నొప్పి ఎలా ఉంది? కొత్తపేట డాక్టరుగారు ఎక్స్‌రే తీయించమన్నారు కదా, తీయించావా? నాన్న బీపీ బిళ్ళలు మానకుండా చూడు. పిల్లకి తెలుగు అక్షరాలు 'ఱ' దాకా వచ్చాయి, నీకు రాసి చూపిస్తానంటోంది.

ఇక్కడి నుంచి చిన్నోడికి ఇవ్వు, వాడు చదవాలి.

ఒరేయ్ చిన్నోడా, పోయినసారి వచ్చినప్పుడు మిర్చి యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీకి నీ బొలెరోలో వచ్చాను గుర్తుందా. నీ కాళ్ళ కింద కంపెనీ రబ్బరు మ్యాట్, దాని మీద గ్రాస్ మ్యాట్, దాని మీద గోనెపట్టా. మిర్చి గింజలూ పొడీ కిందికి దిగకుండా వేశానన్నావు. లోడుతో వారధి ఎక్కేటప్పుడు బండి లాగట్లేదు, ఇంజెక్టర్లు చూపించాలని ఈ మధ్య అంటున్నావట. చూపించే ముందు పెడల్ కింద చెయ్యి పెట్టి చూడు. క్లచ్ కింద కూడా చూడు. క్లచ్ పూర్తిగా దిగకపోయినా గేర్లు గీరుకుంటాయి.

లాగకపోవడం ఒక్కటే అయితే నేను ఇంతగా చెప్పను. అదే మ్యాట్ ఇంకాస్త జరిగితే తొక్కిన పెడల్‌ని పైకి రానివ్వదు. 2009లో కాలిఫోర్నియాలో శాన్ డియాగో దగ్గర ఒక కుటుంబం లెక్సస్ కారులో వెళుతుంటే వేరే మోడల్ కారుకి చేసిన మ్యాట్ పెడల్‌ని పట్టేసింది. బండి ఆగలేదు, నలుగురూ చనిపోయారు. నడుపుతున్నాయన హైవే పోలీసు అధికారి, డ్రైవింగ్ రానివాడు కాదు. ఆ తర్వాతే టయోటా వాళ్ళు అమెరికాలో దాదాపు 38 లక్షల బళ్ళ యజమానులకి డ్రైవరు మ్యాట్ తీసేయమని చెప్పారు. అందులో టకోమా, టండ్రా పికప్‌లు కూడా ఉన్నాయి. పెడల్ కింది భాగం పొట్టిగా చేసిచ్చారు. చాలా బళ్ళకి బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ నొక్కితే బ్రేకు మాటే నెగ్గేలా కూడా మార్చారు. అన్ని బళ్ళకీ ఆ ఏర్పాటు ఉండదు. నీ బండికి ఉందని నమ్ముకోకు.

ఎప్పుడైనా పెడల్ ఇరుక్కుంటే కంగారుపడి కిందికి వంగొద్దు. బ్రేకు ఒకేసారి గట్టిగా తొక్కి అలాగే పట్టుకో, తొక్కి వదిలి తొక్కి వదిలి చేయొద్దు. పెట్రోలు బళ్ళలో అలా చేస్తే బ్రేకుకి బలమిచ్చే వాక్యూమ్ పోయి బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది. క్లచ్ తొక్కి న్యూట్రల్ చెయ్యి. ఇంజను అరుస్తుంది, అరవనీ. పక్కకి తీసి, బండి నిలబడ్డాక ఆపెయ్యి. పరుగులో ఉండగా తాళం బయటికి లాగితే స్టీరింగ్ లాకైపోతుంది.

వాటర్ సర్వీసింగ్ చేయించినప్పుడు కుర్రాళ్ళు మ్యాట్లు ఎలా పడితే అలా వేస్తారు, తాళం తీసుకునేటప్పుడు నువ్వే వంగి చూడాలి. సీటు కింద వాటర్ బాటిల్ పెట్టకు, దొర్లి బ్రేకు కిందికి వస్తే అంతే సంగతులు. చెప్పులు విప్పి నడిపే అలవాటు ఉంది కదా, అవి పక్క సీటు వైపు పెట్టు. నీకు డ్రైవింగ్ నేర్పించాలని కాదురా. రోజంతా మిర్చి బస్తాలు మోసుకుంటూ హైవే మీద ఉండేది నువ్వు, ఇక్కడ నాకు రాత్రిళ్ళు గుర్తొచ్చేదీ నువ్వే.

అమ్మని కోటప్పకొండ తీసుకెళతానన్నావట. తిరునాళ్ళ రద్దీ కాకుండా ముందే వెళ్ళి రండి, ఆ ఘాట్ రోడ్డు ఎక్కే లోపు మ్యాట్ల సంగతి చూడు. అమ్మని ముందు కూర్చోబెట్టు. చుట్టాలు అడిగినా వెనక ట్రాలీలో మాత్రం ఎవర్నీ ఎక్కించొద్దు. నాన్న ఆర్టీసీ బస్సులో వస్తారు. గోనెపట్టా తీశాక పెడల్ పూర్తిగా తొక్కి, కింద ఎంత ఖాళీ ఉందో కనబడేలా ఫోటో తీసి పంపు. అది చూస్తేగానీ నా టెన్షన్ తగ్గదు.

ఉంటానమ్మా.

నీ పెద్దోడు

తా.క. కారప్పొడి అయిపోవచ్చింది. మన వీధిలోవాళ్ళెవరైనా ఇటు వస్తుంటే పంపు, లేకపోతే ఉగాది తర్వాత చూద్దాం. ఎక్స్‌రే మాత్రం ఈ వారమే తీయించు.