స్కాన్ కాపీతో పాటు టైపు ఫైలూ ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను గుంటూరులో ఉంటాను. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంట్ని, తెలుగు చెబుతాను. పుట్టుకతోనే చూపు లేదు. ప్రశ్నపత్రం తయారుచేయడం, మార్కులు ఎక్కించడం, మీ వెబ్‌సైట్‌లో సంపాదకీయం చదవడం అన్నీ ఎన్‌వీడీఏతో సొంతంగా చేసుకుంటాను. 2006లో ఆస్ట్రేలియాలో ఇద్దరు అంధ యువకులు మొదలుపెట్టిన స్క్రీన్ రీడర్ అది, అంటే తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. పూర్తిగా ఉచితం, తెలుగూ చదువుతుంది.

ఇన్ని చేసుకునే నేను సర్క్యులర్ వస్తే మాత్రం పక్క టీచర్‌ని బతిమాలాలి. కాగితం మీద సంతకం పెట్టించి, స్కాన్ తీసి, వాట్సాప్ గ్రూపులో వేస్తారు. అది ఫొటో. స్క్రీన్ రీడర్‌కు అందులో ఒక్క అక్షరమూ దొరకదు. ఒక్కోసారి స్కాన్ కాని పీడీఎఫ్ వస్తుంది, ఆశగా తెరుస్తాను. పాత డీటీపీ ఫాంటులో కొట్టి ఉంటారు. ఆ ఫాంట్లలో లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. పైకి తెలుగు ఆకారం తొడుగుతారు. చూసేవాళ్లకు చక్కని తెలుగు, నాకేమో 'ఎస్, డాలర్, బ్రాకెట్, క్యూ'. ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తించేలా ప్రతి అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 1991 నుంచే సొంత చోటు ఉంది. అందరూ ఫోన్లో కొడుతున్నది అదే.

ఫొటోలోని అక్షరాలు చదివే యాప్‌లు ఉన్నాయి కదా అంటారు. వాడుతున్నాను. మామూలు పేరాలైతే ఫరవాలేదు. సీనియారిటీ జాబితా లాంటి పట్టిక వచ్చిందంటే వరుసలు కలిసిపోయి ఎవరి పాయింట్లు ఎవరివో తేలదు. ఇక నా జీతంలో కోతలు, నా మెడికల్ లీవు వివరాలు మరొకరు పైకి చదివితే స్టాఫ్‌రూమంతా వింటుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఎలక్ట్రానిక్ సమాచారమంతా మాకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టూ తీర్పిచ్చింది.

స్కాన్ కాపీ వద్దనను, సంతకం అవసరమే. కానీ దాన్ని టైపు చేసిన ఫైలు ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉంటుంది. యూనికోడ్‌లో కొట్టి, ఆ ఫైలునూ పక్కనే పెట్టమని జిల్లా అధికారులు ఒక్క మెమో ఇస్తే చాలు. పైసా ఖర్చు లేదు.

మీకూ ఒక మనవి. మీ ఈ-పేపర్‌లో జిల్లా పేజీలు బొమ్మలుగానే వస్తున్నాయి. కరెంటు కోతల వేళలు, ఉద్యోగ ప్రకటనలు ఉండేది అక్కడే. వాటిని వెబ్‌సైట్‌లో అక్షరాలుగా పెట్టించండి.

— ఒక తెలుగు ఉపాధ్యాయురాలు, బ్రాడీపేట, గుంటూరు